మా వదిన తీసిన మొదటి అచ్చు

చేతిలో పని ఉంటే పక్కన పిడుగు పడినా మా వదిన తలెత్తదు. పని లేనప్పుడు మాత్రం ఎవరినీ వదలదు. ఆడపడుచుని కాబట్టి ఆ మర్యాద నాకు అందరికంటే కాస్త ఎక్కువే దక్కింది. ఆవిడ అచ్చులు తీస్తుంది, నేను రంగులు వేస్తాను. ఒకే కార్ఖానాలో ఒకే బల్లకి అటొకరం ఇటొకరం కూర్చుని, ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ జుట్టు తెల్లబరుచుకున్నాం.

కార్ఖానా అనగానే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, రెండు గదులు, గోడ పొడవునా అరలు. నర్సింగ్ స్కూళ్ళలో కాన్పు చేయడం నేర్పడానికి వాడే బొమ్మలు మా దగ్గర తయారవుతాయి. తోలుతో కుట్టిన పొట్ట, అందులో తుంటి ఎముకల గూడు, ఆ గూట్లోంచి బయటికి తీయాల్సిన పసిబిడ్డ. బిడ్డ ఒళ్ళంతా దూది, బరువు కోసం కాస్త ఇసుక. మొహం మటుకు రబ్బరు. ప్లాస్టర్ అచ్చులో రబ్బరు పాలు పోసి, కాసేపాగి ఒంపేస్తే అచ్చు లోపలి గోడకి పల్చటి పొర అంటుకుని మిగులుతుంది. అది ఆరాక పౌడరు చల్లి నెమ్మదిగా ఒలుస్తుంది వదిన. అప్పుడు నా పని మొదలవుతుంది: బుగ్గలకి ఎరుపు, పెదవులకి గులాబీ రంగు.

వదిన మొదట్లో ఇళ్ళ పైకప్పులకి అంటించే ప్లాస్టర్ పువ్వులు పోసేది. మా అన్నయ్య ఆ పువ్వుల్ని వ్యానులో చేరవేసేవాడు. ఒక్క రేకు కూడా విరగకుండా చేరుస్తున్నాడని వదిన మెచ్చుకుంది, ఆ మెప్పు పెళ్ళిదాకా వెళ్ళింది. తర్వాత ఇద్దరూ ఈ కార్ఖానాకి వచ్చారు. అప్పటి బొమ్మల మొహాలు నాకు బాగా గుర్తు. పెన్షన్ కోసం క్యూలో నిలబడ్డ పెద్దమనుషుల్లా ఉండేవి. ఆ మొహం బయటికి రాగానే పిల్లలంతా నవ్వుతున్నారని, పాఠం సాగడం లేదని ఒక నర్సింగ్ టీచరు మా ముసలి ఓనరుతో మొత్తుకుంది.

వదిన అప్పుడే నెలల పిల్లని చంకనేసుకుని మళ్ళీ పనిలో చేరింది. కొన్నాళ్ళకి ఒక ప్లాస్టర్ మొహం తెచ్చి బల్ల మీద పెట్టింది. కళ్ళు మూసుకుని పడుకున్న పసిబిడ్డ మొహం. కింది పెదవి కొద్దిగా లోపలికి, ముక్కు చిన్నగా నొక్కినట్టు. "నీ బిడ్డదేనా?" అన్నాడు ఓనరు. వదిన తలూపింది. ఆయన ఆ మొహాన్ని చాలాసేపు చూసి, ఇంకేమీ అడగకుండా దాని మీదనుంచి రోజువారీ పనికి అచ్చులు తీయమన్నాడు. ఆ రోజునుంచి ఈ రోజుదాకా మా దగ్గర పుట్టిన ప్రతి బొమ్మకీ అదే మొహం.

అందుకే మా మేనకోడలి పేరు బొమ్మ అయిపోయింది. పెట్టిన పేరు ఒకటి ఉందిగానీ ఎవరూ పిలవరు. బొమ్మ పెద్దదై నర్సింగ్‌లోనే చేరింది. తన మొహాన్నే తోలుపొట్టలోంచి లాగాల్సి వచ్చింది. "నాకు నేనే పురుడు పోసుకున్నానత్తా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. బడికెళ్ళే రోజుల్లో ఆ మొహం పేరు చెప్పి తోటిపిల్లలు ఏడిపిస్తే ఏడ్చింది కూడా తనే. నవ్వినా ఏడ్చినా ఆ మొహం తనదనే గర్వం మాత్రం దానికి పోలేదు.

ఆ గర్వం దగ్గరికే వచ్చారు యూనివర్సిటీవాళ్ళు. ముగ్గురు. పునరుత్పత్తి మీద పరిశోధనట. ఆ మాట పలికేసరికే నా నాలుక ఒకటికి రెండుసార్లు మెలితిరిగింది. పిల్లలు పుట్టడంలో పరిశోధించడానికి ఏముంటుందని నేననుకున్నాను. వాళ్ళలో పెద్దావిడ, సమాజం గురించి చదివిన ప్రొఫెసరమ్మ, ఓపిగ్గా చెప్పింది. "బిడ్డ పుట్టడం ఒకటి. పురుడు పోసే పని ఒక తరంనుంచి ఇంకో తరం నేర్చుకోవడం ఇంకొకటి. ఒక అచ్చులోంచి వేల మొహాలు రావడం మరొకటి. ఈ మూడింటినీ మేం వేరువేరు గదుల్లో కూర్చుని చదువుకుంటున్నామండీ. మీ దగ్గర ఒక్క బల్ల మీదే ఉన్నాయి." మాట బాగానే ఉంది. బల్ల తుడిచేది నేనే కాబట్టి నాకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

రెండో ఆయన జీవశాస్త్రం. మెడలో భూతద్దం వేలాడేసుకుని కనపడిన ప్రతిదాన్నీ చూసేవాడు. మంచివాడే, ఉత్సాహం ఎక్కువ. మూడో ఆవిడ శిల్పి, మాటలు తక్కువ. ముగ్గురూ కలిసి ఒక ప్రదర్శన పెడతారట, చిన్న సినిమా తీస్తారట. బొమ్మకి అప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్న కూతురు, ఆమె చేతిలో ఆమె మొహమే ఉన్న బొమ్మ, పక్కన ఆ అచ్చు తీసిన తల్లి. ఇంతకంటే ఏం కావాలి అన్నారు. బొమ్మ ఎగిరి గంతేయలేదంటే ఏడో నెల కాబట్టి.

వదిన మాత్రం కుదరదంది. ఎందుకని అడిగితే పని ఉందంది. పని ఎప్పుడు లేదు గనక?

"మొట్టమొదటి అచ్చు ఏదైనా మిగిలుందా?" అని శిల్పి అడిగింది. "మొహం మీదనుంచి నేరుగా తీసింది." వదిన లేదంది. బొమ్మ వెంటనే, "అదేంటమ్మా, ఇంట్లో స్టీలు డబ్బాలో ఉందిగా" అంది. చిన్నప్పుడు బీరువా సర్దుతూ చూసిందట. మర్నాడు తల్లితో చెప్పకుండా తనే తెచ్చి బల్ల మీద పెట్టింది. పాత చీర ముక్కలో చుట్టిన చిన్న ప్లాస్టర్ గిన్నె, లోపలంతా బోర్లించిన పసిమొహం.

జీవశాస్త్రం ఆయన భూతద్దం పెట్టి చూసి ఒక్క కేక పెట్టాడు. నుదుటి పైభాగంలో ప్లాస్టర్‌లో పుట్టు వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. "కుదుళ్ళతో సహా ఊడి వచ్చాయండీ, అదృష్టం" అన్నాడు. ఇందులోంచి కొన్ని, అమ్మాయి తలలోంచి కొన్ని తీసుకుని పరీక్ష చేస్తే రెండూ ఒకే మనిషివని తేలుతుందట. ప్రదర్శనలో ఆ కాగితాన్ని అచ్చు పక్కన పెడతారట.

అప్పుడే వదిన లోపలికి వచ్చింది. ఆ మాటలన్నీ విన్నది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. కుదుళ్ళతో సహా అన్న మాటకి ఎవరో గిల్లినట్టు కళ్ళు మూసుకుంది. తర్వాత వచ్చి అచ్చు తీసుకుని చీర ముక్కలో చుట్టుకుంది. సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. పని మధ్యలో ఆవిడ లేచి వెళ్ళడం నేను ఎన్నడూ చూడలేదు.

బొమ్మ ముందు నేను తేలిగ్గా నవ్వేశాను. బొమ్మకి తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. బొమ్మకి ముందు వదినకి ఒక మగపిల్లాడు పుట్టి పోయాడు. నేనప్పుడు అత్తవారింట్లో, వేరే ఊళ్ళో ఉన్నాను. కబురంది వచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలోనే అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, "దాని దగ్గర ఆ మాట ఎత్తకు" అన్నాడు. ఎత్తలేదు. తర్వాత బొమ్మ పుట్టింది, నేనూ ఈ ఊరికొచ్చి కార్ఖానాలో చేరాను, ఇంట్లో సందడి వచ్చింది, ఇక ఆ మాట ఎత్తే అవసరం ఎవరికీ కనపడలేదు. కొన్నేళ్ళ క్రితం అన్నయ్యా పోయాడు. ఆ పిల్లాడికీ ఈ అచ్చుకీ సంబంధం ఉంటుందని మాత్రం అప్పటికి నాకు తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం బొమ్మా నేనూ వదిన ఇంటికి వెళ్ళాం. తలుపు దగ్గరగా వేసి ఉంది. వదిన కిటికీ వెలుగులో కింద కూర్చుని, అచ్చు ఒళ్ళో పెట్టుకుని, సూదితో ఒక్కొక్క వెంట్రుకా పైకి లేపుతోంది. రానివాటిని బ్లేడుతో గీరుతోంది. పక్కన పళ్ళెంలో సబ్బునీళ్ళు.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?" అంది బొమ్మ. "నా వెంట్రుకలు అవి. పాడు చేయకు, ఇలా ఇవ్వు."

"నీవి కావు" అంది వదిన, తలెత్తకుండానే.

"మరెవరివి?"

వదిన సూది పళ్ళెంలో పెట్టింది. "బతికున్న పసిబిడ్డ మొహం మీద ప్లాస్టర్ ఎవరైనా పోస్తారా? ఊపిరి ఎలా పీలుస్తుంది? గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కూడా. ఈ పని తెలిసిన వాళ్ళెవరూ పొయ్యరు. మా ఓనరుకి తెలుసు. తెలిసే ఇంకేం అడగలేదు." అచ్చు మీద చెయ్యి వేసి అంది, "నీ అన్నయ్య వాడు."

ఆ తర్వాత చెప్పడం మొదలుపెడితే ఆపలేదు. మూడో రోజున పోయాడట. మా అన్నయ్య కొత్త గుడ్డ కొనుక్కురావడానికి బయటికి వెళ్ళాడట. ఆ కాస్త సమయంలో ఇంట్లో ఉన్న ప్లాస్టర్ కలిపి తీసిందట. "ఫొటో లేదు. తీయించాలని ఎవరికీ తట్టలేదు. తీసుకుపోతే ఇంక ఏమీ ఉండదు. నాకొచ్చిన పని ఇదొక్కటేనే." తర్వాత గొంతు తగ్గింది. "నూనె రాయడం మర్చిపోయాను. వెంట్రుకలున్న చోట ముందు నూనె రాయాలని అందరికీ నేర్పేది నేను. ఆ రోజు నాకే గుర్తు లేదు. లాగితే ఊడి వచ్చేశాయి. నొప్పి పుట్టిందేమో వాడికి. పోయినవాడికి నొప్పేమిటని నాకూ తెలుసు. తెలిసినా పోవడం లేదు."

నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ళు ఆ పెదవులకి రంగు వేసింది నేను. రంగు సరిగా పట్టనప్పుడు ఆ మొహాన్ని తిట్టుకున్నది నేను. నా మేనల్లుడని తెలియక. ఏడవాలనుంది, కానీ అక్కడ ఏడ్చే హక్కు ముందు వేరేవాళ్ళది.

"కార్ఖానాకి ఎందుకిచ్చావ్?" అంది బొమ్మ.

"అక్కడైతే రోజూ ఎవరో ఒకరు వాణ్ణి బయటికి తీస్తారు. రెండు చేతులూ పెట్టి పట్టుకుంటారు. కింద పడనివ్వరు."

"మరి నన్ను బొమ్మా అని పిలిచినప్పుడల్లా నువ్వు ఎవర్ని పిలుస్తున్నట్టు?"

వదిన అచ్చుని చీర ముక్కలో చుట్టసాగింది. బొమ్మ కళ్ళు ఎర్రబడ్డాయిగానీ నీళ్ళు రాలేదు. కోపంతో ఊగిపోతూనే ఉంది, ఇంతలో దానిలోని నర్సు అడ్డొచ్చింది. "దేనివల్ల పోయాడు?"

"తెలీదు. పుట్టగానే బాగా ఏడ్చాడు. రెండు రోజులు పాలు తాగాడు. తర్వాత తాగడం మానేశాడు. నిద్ర. ఎంత లేపినా లేవలేదు. ఒళ్ళు వేలాడేసినట్టయింది."

బొమ్మ నెమ్మదిగా మంచం మీద కూర్చుంది. చెయ్యి పొట్ట మీదికి పోయింది. "మీ వైపు పిల్లలెవరైనా పోయారా అని డాక్టరమ్మ నన్ను అడిగింది. ఎవరూ లేరని చెప్పాను. నేనొక్కదాన్నేనని చెప్పాను." నా వైపు తిరిగి, తల్లికి వినపడేలా అంది. "కొన్ని జబ్బులు తల్లినుంచి వచ్చి మగపిల్లల్ని పట్టుకుంటాయత్తా. పుట్టినప్పుడు ఏమీ కనపడదు. పాలు ఒంటికి పడవు. లోపల విషమైపోతాయి. ముందే తెలిస్తే చూసుకోవచ్చు. తెలియకపోతే ఇలాగే, మూడో రోజుకి."

"అంటే," అంది వదిన, "నా పాలవల్లా?"

బొమ్మ సంచి తీసుకుని వెళ్ళిపోయింది. నేనేం చెప్పగలను? నాకేం తెలుసు?

ప్రదర్శన సంగతి బొమ్మే వెళ్ళి చెప్పేసి వచ్చింది: ఆ మొహం తనది కాదని, సినిమాకి రానని. ప్రొఫెసరమ్మ కార్ఖానాకి వచ్చి వదిన ఎదురుగా నిలబడింది. ఆవిడ చదువుకున్న మాటలేవీ అప్పుడు పనికి రాలేదు. "మమ్మల్ని క్షమించండి" అని మాత్రం అంది. జీవశాస్త్రం ఆయన భూతద్దం జేబులో పెట్టుకుని వచ్చాడు, ఇలాంటి జబ్బుల గురించి తెలిసిన డాక్టరు ఎవరో బొమ్మకి తనే చెప్పాడట. వదిన ఇద్దరికీ కుర్చీలు వేసి, మళ్ళీ తన పనిలో కూర్చుంది.

పని ఆగదు కదా. మొహాలు వస్తూనే ఉన్నాయి. మొదటిరోజు పెదవులకి రంగు వేయబోయి, కుంచె పట్టుకుని అలాగే కూర్చున్నాను. వదిన అటువైపునుంచి చూసి, "వెయ్యి. రేపు పంపాలి" అంది. వేశాను. వదిన ఆ రోజుల్లో అన్నం సరిగా తినలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ చేత తిట్లు తినకుండా సాయంత్రం అవుతుంటే నాకు భయం వేసేది. ఒకసారి తనంతట తనే అంది, "వాడు తాగనంటే నేనే బలవంతంగా పట్టాను, తెలుసా? నోరు తెరిపించి మరీ పట్టాను."

బొమ్మ తల్లికి ఫోను చెయ్యడం మానేసింది. కూతురు మాట్లాడదు, తల్లి అడగదు, మధ్యలో నేను పోస్టుమాన్ని. చివరికి నాకే ఫోను చేసింది. "డాక్టరమ్మ అమ్మని తీసుకురమ్మంటోంది. జరిగింది అమ్మ నోటినుంచే వినాలట. నువ్వు తీసుకురా అత్తా."

ఆసుపత్రి వరండాలో బొమ్మ మాకోసం బెంచీ మీద కూర్చుని ఉంది. పొట్ట కిందికి దిగింది, కాళ్ళు వాచాయి. తల్లిని చూసి లేచి నిలబడింది, అంతే. ముగ్గురం లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషే. కుర్చీ దగ్గరికి లాక్కుని వదిన ఎదురుగా కూర్చుంది.

"మీ అమ్మకి నువ్వు ఒక్కదానివేనని అన్నావు మొదట" అని బొమ్మతో అంది.

"కాదండీ. నేను రెండోదాన్ని" అంది బొమ్మ.

వదిన చీర కొంగు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది, వదిన ఒక్కొక్కటే చెప్పింది. పుట్టినప్పుడు రంగు ఎలా ఉంది, ఊపిరి ఎలా తీశాడు, ఒళ్ళు ఎప్పుడు చల్లబడింది, మూలుగు ఎలా ఉంది. ఇంట్లో ఎవరం పలకని ఆ పిల్లాడి సంగతి ఆవిడ ఇంత భద్రంగా దాచుకుందని నాకు అప్పుడే తెలిసింది. చివరికి తనే అడిగింది. "నా పాలే వాణ్ణి చంపాయా డాక్టరమ్మా?"

"మీ పాల తప్పు కాదమ్మా. ఏ పాలు పట్టినా అంతే అయ్యేది. ఆ రోజుల్లో ఎవరికీ తెలిసేది కాదు." అది ఆ జబ్బో కాదో కూడా ఇప్పుడే చెప్పలేనంది. తల్లీకూతుళ్ళిద్దరి రక్తం పరీక్షకి పంపుతుందట. ఈ బిడ్డ పుట్టగానే రక్తం తీస్తారట, మొదటి పూటనుంచీ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తారట. మీరు చెప్పడం మంచిదైంది అంది. బిడ్డకి ఏమీ కాదని మాత్రం అనలేదు. మేం ముగ్గురం ఆ మాట కోసమే ఎదురుచూశాం.

"ఇంకొక్కటి. మొదటి రెండు రోజులూ బాగా తాగేవాడా? గట్టిగా పట్టేవాడా, నీరసంగానా?"

వదిన తలెత్తింది. "నీరసమా? ఎంత గట్టిగా పట్టేవాడనుకున్నారు. ఒకసారి పట్టాడంటే వదిలేవాడు కాదు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. వాళ్ళ నాన్న నవ్వేవాడు, నీ కొడుక్కి పట్టు ఎక్కువే అని." అంటూ ఆగిపోయింది. తను కొడుకు గురించి గొప్పలు చెప్పుకుంటున్నానని ఆవిడకే అప్పుడు తెలిసినట్టుంది. భయంగా కూతురి వైపు చూసింది.

బొమ్మ గోడవైపు చూస్తోంది. "నాకంటే గట్టిగానా అమ్మా?" అంది.

"నీకంటే గట్టిగానే" అంది వదిన.